రెండో గీత చెప్పని సంగతులు

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక జిల్లా కేంద్రంలో, డయాగ్నస్టిక్ సెంటర్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా కౌంటర్ దగ్గర ఆడవాళ్లు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నల్లో మొదటిది ఇదే: "మేడమ్, ఇంట్లో ప్రెగ్నెన్సీ కిట్‌తో చూసుకున్నాను. రెండో గీత లైట్‌గా వచ్చింది. ఉన్నట్టా, లేనట్టా?" కొందరు ఫోన్‌లో ఫొటో తీసి తెస్తారు. కొందరు కిట్‌నే టిష్యూ కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీస్తారు. అప్పటికది పొద్దున్నెప్పుడో వాడిన కిట్. ఆ సమయానికి దాని మీద కనిపించే గీతను లెక్కలోకి తీసుకోకూడదు. కానీ ఆ గీతను నమ్మి అప్పటికే అత్తగారికి చెప్పేసి ఉంటారు, లేదా భర్తతో గొడవపడి ఉంటారు, లేదా ఎవరికీ చెప్పుకోలేక రాత్రంతా ఏడ్చి ఉంటారు.

మెడికల్ షాపులో వంద రూపాయల లోపు దొరికే ఆ కిట్ మంచి పరికరమే. దాన్ని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. అయితే అది చెప్పేది చాలా చిన్న సంగతి: ఆ మూత్రంలో, ఆ సమయంలో, ఒక హార్మోన్ ఒక స్థాయి దాటి ఉందా లేదా అని. గర్భం గర్భసంచిలోనే ఉందా, ఎదుగుతోందా, ఆగిపోయిందా, అసలు అది గర్భమేనా అన్నవి దానికి తెలియవు. మన ఇళ్లల్లో మాత్రం అవన్నీ కిట్టే చెప్పేసినట్టు నిర్ణయాలు జరిగిపోతున్నాయి. ఆ నిర్ణయాలు ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు నా కళ్లతో చూశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ హార్మోన్ పేరు హెచ్‌సీజీ. పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాక, ముందుముందు మాయగా, అంటే కడుపులో బిడ్డకు పోషణ అందించే భాగంగా, మారబోయే కణాలు దాన్ని తయారుచేస్తాయి. ముందు రక్తంలో కలుస్తుంది, ఆ తర్వాత మూత్రంలోకి వస్తుంది. మొదటి వారాల్లో రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతుంది. మనకు దొరికే కిట్లు చాలావరకు మిల్లీలీటరు మూత్రంలో 25 మిల్లీ యూనిట్ల హార్మోన్ ఉంటే పట్టుకునేలా తయారైనవి. ఎస్ అని రాసి ఉన్న గుంటలో చుక్కలు వేయగానే మూత్రం లోపలి పట్టీ వెంట పాకుతుంది. దారిలో హెచ్‌సీజీని పట్టుకునే యాంటీబాడీలు అనే ప్రొటీన్లు ఉంటాయి, వాటికి కంటికి కనబడనంత చిన్న బంగారు రేణువులు అంటించి ఉంటాయి. మనం చూసే ఆ గులాబీ ఎరుపు రంగు బంగారు రేణువులదే. టి అని రాసి ఉన్న చోట ఇంకో రకం యాంటీబాడీ కాచుకుని ఉంటుంది. హార్మోన్‌ను ఒకవైపు మొదటిదీ, ఇంకోవైపు రెండోదీ పట్టుకుంటేనే రంగు అక్కడ నిలిచి గీతగా కనిపిస్తుంది. సి అని రాసి ఉన్న చోట వచ్చే గీత హార్మోన్ ఉన్నా లేకున్నా వస్తుంది. మూత్రం అక్కడిదాకా పాకిందనీ, రంగు కదిలిందనీ చెప్పడం వరకే దాని పని. సి గీత బాగా వచ్చింది కాబట్టి టెస్ట్ తప్పుపోదు అనుకోవడం పొరపాటు.

ఈ సౌకర్యం ఆడవాళ్ల చేతికి ఊరికే రాలేదు. 1920ల చివర్లో బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు డాక్టర్లు కనిపెట్టిన పద్ధతిలో మూత్రాన్ని ఎలుక పిల్లలకు ఎక్కించి, కొన్ని రోజుల తర్వాత వాటిని కోసి అండాశయాల్లో మార్పు వచ్చిందా అని చూసేవాళ్లు. తర్వాత కుందేళ్లు, కప్పలు వచ్చాయి. 1967లో అమెరికాలో మార్గరెట్ క్రేన్ అనే డిజైనర్, తను పనిచేస్తున్న మందుల కంపెనీ ల్యాబులో వరసగా పెట్టిన టెస్ట్ ట్యూబులు చూసి, ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అని ఒక నమూనా తయారుచేసింది. ఇలాంటి ఫలితాన్ని డాక్టరు లేకుండా ఆడవాళ్లు తట్టుకోలేరని అప్పట్లో పెద్ద అభ్యంతరాలే వచ్చాయి. అమెరికా షాపుల్లోకి ఇంటి టెస్ట్ రావడానికి 1977 దాకా పట్టింది. తన ఒంట్లో ఏం జరుగుతోందో ముందుగా తనకే తెలియడం ఆడమనిషికి ఎంత పెద్ద విషయమో మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తుంటాను. అందుకే, కిట్లు ఆపేసి అందరూ ఆసుపత్రికే వెళ్లండి అనే మాట నేను ఎప్పటికీ అనను. ఇంట్లో చూసుకునే ఆడమనిషికి ఆ కిట్ హద్దులు కూడా చెప్పాలన్నదే నా వాదన.

అందరూ పడే మొదటి ఇబ్బంది తొందర. డేట్ దాటిన రోజు పొద్దున్నే టెస్ట్ చేస్తారు, ఒకే గీత వస్తుంది, లేదు అని తేల్చేస్తారు. అమెరికాలో అలెన్ విల్కాక్స్ అనే పరిశోధకుడి బృందం, పిల్లల కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్ల మూత్రాన్ని రోజూ సేకరించి హెచ్‌సీజీ కొలిచింది. నిలబడిన గర్భాల్లో ఎక్కువ భాగం అండం విడుదలైన 8 నుంచి 10 రోజుల మధ్య అంటుకున్నాయి. కొన్ని 12 రోజుల దాకా కూడా తీసుకున్నాయి. ఆ లెక్కల మీద 2001లో వాళ్లు ప్రచురించిన మాట ప్రతి ప్యాకెట్ మీదా ఉండాల్సింది: నెల రావాల్సిన రోజుకు వందలో దాదాపు పది గర్భాలు ఇంకా గర్భసంచికి అంటుకునే ఉండవు. అంటుకోనిదే హార్మోన్ తయారుకాదు. హార్మోన్ లేనిది ఎంత ఖరీదైన కిట్ అయినా పట్టుకోలేదు. వారం ఆగితే పట్టుకునే అవకాశం 97 శాతం దాకా పెరుగుతుంది.

ప్యాకెట్ మీద మాత్రం 99 శాతం కచ్చితం అని కనిపిస్తుంది. ల్యాబులో, తగినంత హార్మోన్ ఉందని ముందే తెలిసిన శాంపిళ్ల మీద ఆ మాట నిజమే. కానీ కొనుక్కునే అమ్మాయి దాన్ని ఇంకోలా చదువుకుంటుంది. నేను ఈరోజు చేస్తే వందలో 99 సార్లు నిజమే చెబుతుంది అనుకుంటుంది. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరాన్ని కంపెనీలు పెద్ద అక్షరాల్లో రాయవు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆ దూరంలోనే మా దగ్గరికి వచ్చేవాళ్ల టెన్షన్ అంతా ఉంది.

పైగా నెల రావాల్సిన రోజు ఏదో అందరికీ తెలిస్తే కదా. పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటి బుడగల సమస్య, ఉన్నవాళ్లకు ఒక నెల 30 రోజులకు వస్తే ఇంకో నెల 50 రోజులకు వస్తుంది. బిడ్డకు పాలిస్తున్న తల్లికి నెలసరి మొదలే కాకపోవచ్చు, అయినా గర్భం రావచ్చు. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది, డాక్టర్లు అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. పెళ్లనో, వ్రతమనో, తిరుమల ప్రయాణమనో నెల వెనక్కి జరగడానికి టాబ్లెట్లు వేసుకుంటారు. షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు. ఆ టాబ్లెట్లు టెస్ట్ ఫలితాన్ని మార్చవు, కానీ నెల ఎప్పుడు రావాలన్న లెక్కనంతా మార్చేస్తాయి. ఆపిన రెండు మూడు రోజులకు రావాల్సిన నెల ఆలస్యమైతే అది గర్భమా, టాబ్లెట్ల ప్రభావమా అని కంగారు. ఆ కంగారులో నెల రావడానికి మళ్లీ ఇంకో రకం టాబ్లెట్లు. ఇలాంటప్పుడు తేదీని పట్టుకుని కూర్చోకుండా, కలిసిన రోజు నుంచి కనీసం మూడు వారాలు గడిచాక టెస్ట్ చేస్తే ఆ ఫలితానికి విలువ ఉంటుంది.

మిగతా ఇబ్బందులు చిన్నవే. రాత్రంతా ఆపుకున్న మూత్రం చిక్కగా ఉంటుంది, అందుకే పొద్దున్నే చేయమంటారు. చెంబుడు నీళ్లు తాగి మధ్యాహ్నం చేస్తే తొలి రోజుల్లో హార్మోన్ పలచబడి గీత రాకపోవచ్చు. కిట్లను 30 డిగ్రీలు మించని చోట ఉంచాలని చాలా ప్యాకెట్ల మీద ఉంటుంది. యాంటీబాడీలు ప్రొటీన్లు, వేడికీ తేమకీ పాడవుతాయి. రామగుండంలోనో నంద్యాలలోనో మే నెలలో ఏసీ లేని షాపు అటక మీద ఆ పెట్టె ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. కవరు ముందురోజే చింపి బాత్‌రూమ్‌లో పెట్టుకోవడం కూడా మంచిది కాదు.

టూత్‌పేస్టు, ఉప్పు, పంచదార కలిపి చూసే వీడియోల గురించి ఒక్క మాట. టూత్‌పేస్టులో ఉండే కాల్షియం కార్బొనేట్ లాంటివి ఆమ్లం తగిలితే నురుగొస్తాయి. మూత్రంలో ఆమ్లం పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా, తిన్న తిండిని బట్టి ఇంకోలా ఉంటుంది. మగవాళ్ల మూత్రంతో చేసినా నురుగొస్తుంది. లక్షల మంది చూశారని వాటిని నమ్మకండి.

ఇక లైట్‌గా వచ్చిన గీత సంగతి. చెప్పిన సమయంలోపు, మామూలుగా ఐదు నిమిషాల్లోపు, టి దగ్గర గులాబీ రంగులో ఎంత పలచగా కనిపించినా అది పాజిటివే. పలచగా ఉందంటే హార్మోన్ ఇంకా తక్కువగా ఉందని మాత్రమే అర్థం. పది నిమిషాలు దాటాక, మూత్రం ఆరిపోయాక, అదే చోట బూడిద రంగులోనో, రంగే లేని నీడలానో ఒక చార తేలుతుంది. అది ఆరిపోవడం వల్ల వచ్చిన మరక. చెత్తబుట్టలోంచి కిట్‌ను తీసి మళ్లీ చూసుకున్నవాళ్లకు కనిపించేది చాలాసార్లు ఇదే. అనుమానంగా ఉంటే రెండు రోజులాగి కొత్త కిట్‌తో చేయాలి. నిజమైన గర్భమైతే గీత ముదురుతుంది.

ముదరకపోతే? మొదటి రోజు లైట్‌గా పాజిటివ్ వచ్చి, నాలుగు రోజులకు నెగెటివ్ వచ్చి, తర్వాత నెల వచ్చేస్తే? చాలామంది కిట్ తప్పు చెప్పిందనుకుంటారు. సాధారణంగా కిట్ నిజమే చెప్పి ఉంటుంది. పిండం అంటుకుని, కొద్ది రోజులకే ఆగిపోయి ఉంటుంది. విల్కాక్స్ బృందం 1988లో ప్రచురించిన లెక్క ప్రకారం, హెచ్‌సీజీ ద్వారా పట్టుకున్న గర్భాల్లో 22 శాతం, గర్భమని ఆ మనిషికి తెలియకముందే పోయాయి. మన అమ్మమ్మల కాలంలో వీటిని ఈసారి నెల నాలుగు రోజులు ఆలస్యమైంది అని వదిలేసేవాళ్లు. ఇప్పుడు డేట్ రాకముందే టెస్ట్ చేస్తున్నాం కాబట్టి, అది కడుపు పోవడంగా తెలుస్తోంది. దుఃఖం నిజమైనదే, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. నా కోపం వేరే చోట. కోడలికి రెండు గీతలు వచ్చాయని అత్తగారు ఆ పూటే చుట్టాలందరికీ ఫోన్లు చేయడం, వారం తర్వాత నెల వస్తే "ఏం బరువులెత్తావు, స్కూటీ ఎందుకు ఎక్కావు" అని ఆ పిల్లను నిలదీయడం నాకు తెలుసు. అంత తొలి రోజుల్లో పోయే గర్భాల్లో ఎక్కువ భాగం క్రోమోజోముల తేడాల వల్ల పోయేవే. ఆమె ఎత్తిన బిందెకు దానితో సంబంధం లేదు. ఆసుపత్రి వాళ్లు ప్రత్యేకంగా తొందరగా చేయమంటే తప్ప, నెల తప్పి వారం గడిచేదాకా ఆగమని నేను చెప్పేది ఈ కారణంతోనే.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. గర్భం గర్భసంచిలో కాకుండా, అండాన్ని అక్కడికి చేర్చే ట్యూబులో నిలిచినా కిట్ రెండు గీతలే చూపిస్తుంది. సుమారుగా వంద గర్భాల్లో ఒకటో రెండో ఇలా గర్భసంచి బయట నిలుస్తాయి. హార్మోన్ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టీకి తెలిసే దారి లేదు.

మా చిన్నాన్నగారి కోడలికి ఇలాగే జరిగింది. ఇద్దరు పిల్లలున్నారు, మూడోది వద్దనుకున్నారు. కిట్‌లో రెండు గీతలు రాగానే మా తమ్ముడు మెడికల్ షాపుకి వెళ్లి అబార్షన్ గోళీలు తెచ్చాడు. చీటీ అడగలేదు, స్కాన్ అయిందా అని అడగలేదు. గోళీలు వేసుకుంది, రక్తస్రావమైంది, పని అయిపోయిందనుకున్నారు. తర్వాత మళ్లీ చూసుకుంటే కిట్‌లో ఇంకా రెండు గీతలే. షాపులో అడిగితే, కొన్ని వారాలు అలాగే వస్తుందిలే అన్నారట. ఆ మాట వైద్యపరంగా అబద్ధం కాదు. అబార్షన్ తర్వాత హెచ్‌సీజీ పూర్తిగా పోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. కానీ ఆ పిల్ల విషయంలో హార్మోన్ తగ్గుతూ వస్తున్నది కాదు, ట్యూబులో పెరుగుతున్న గర్భం నుంచి వస్తున్నది. ఆ గోళీలు ట్యూబులోని గర్భాన్ని తీసేయలేవు. గర్భసంచి లోపలి పొరను మాత్రం రాలుస్తాయి, అందుకే రక్తం కనిపించింది, అందుకే అందరూ నమ్మారు. ఒక రాత్రి కడుపులో పొడిచినట్టు నొప్పి, భుజం లాగడం, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవడం. 108 వచ్చి తీసుకెళ్లింది. ట్యూబు పగిలి పొట్టనిండా రక్తం ఉంది. ఆపరేషన్ చేసి ట్యూబు తీసేశారు, రక్తం ఎక్కించారు. బతికింది.

"వదినా, రక్తం పోయింది కదా, ఇంకా కడుపులో ఏదో ఉందని ఎట్లా అనుకుంటాను?" అని ఆ పిల్ల నన్నడిగింది. ఆ ప్రశ్నలో ఆమె తప్పు ఒక్కటీ లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చట్టం ప్రకారం ఆ గోళీలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. తొమ్మిది వారాల లోపు గర్భానికే వాడాలి, అదీ గర్భం గర్భసంచిలోనే ఉందని నిర్ధారించుకున్నాక. కిట్ పక్కనే ఆ గోళీలు కూడా చేతికి వచ్చేస్తున్నంత కాలం, రెండు గీతలు చూడగానే స్కాన్ చేయించుకోవాలి అన్న మాట ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. షాపువాళ్లు చెప్పరు. ప్యాకెట్‌లోని కాగితం మీద సన్నటి అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఉంటుంది.

ఇంకో రకం తప్పు దీనికి సరిగ్గా ఎదురు. గర్భం బాగా ఎదిగి ఉన్నా, హార్మోన్ మితిమీరి ఉన్నా కిట్ నెగెటివ్ చూపవచ్చు. ఇది వినగానే మా ల్యాబుకి వచ్చే చదువుకున్నవాళ్లు కూడా నమ్మరు. ఇద్దరు మనుషులు ఒకే బిందెను చెరోవైపు పట్టుకుంటేనే అది నిలుస్తుందనుకోండి. బిందెలు మరీ ఎక్కువైపోతే ప్రతి మనిషి చేతిలోనూ విడిగా ఒక్కో బిందె ఉంటుంది, ఇద్దరూ కలిసి పట్టుకున్న బిందె ఒక్కటీ ఉండదు. కిట్‌లో రెండు యాంటీబాడీల పరిస్థితీ అంతే. దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు. ముత్యాల గర్భంలో, అంటే పిండానికి బదులు మాయ కణాలు ద్రాక్ష గుత్తుల్లా పెరిగిపోయే స్థితిలో, హెచ్‌సీజీ లక్షల్లోకి వెళ్తుంది. అప్పుడు కిట్ నెగెటివ్ చూపించిన కేసులు వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి. అలాంటప్పుడు మూత్రాన్ని నీళ్లతో పలచబరిచి చేస్తే పాజిటివ్ వస్తుంది.

మామూలు గర్భంలో కూడా ఇలాంటిదే ఇంకోటి ఉంది. రెండు నెలలు దాటేసరికి మూత్రంలో అసలు హార్మోన్ కన్నా దాని విరిగిన ముక్క ఒకటి ఎక్కువగా ఉంటుంది. కొన్ని కిట్లలో ఒక యాంటీబాడీ ఆ ముక్కను పట్టుకుంటుంది, ఇంకోది పట్టుకోలేదు. గీత రాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీలో ఆన్ గ్రొనోవ్‌స్కీ బృందం ఈ సంగతిని బయటపెట్టింది. ఆసుపత్రుల్లో వాడే టెస్టుల్లోనూ ఈ లోపం ఉందని చూపించింది. మూడు నెలలుగా నెల రావడం లేదు, వాంతులు, పొట్ట ఉబ్బరం, ఇంట్లో చేస్తే నెగెటివ్, కాబట్టి గ్యాస్ అనుకున్నాను అని వచ్చినవాళ్లను నేను చూశాను. నెగెటివ్ వచ్చిందని డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆపేయడం, పాజిటివ్‌ను గుడ్డిగా నమ్మినంత ప్రమాదం. ఎక్కువమంది రెండోదాన్నే ప్రమాదం అనుకుంటారు.

గర్భం లేకుండా పాజిటివ్ రావడం అరుదే కానీ ఉంది. సంతానం కోసం ట్రీట్‌మెంట్ తీసుకునేవాళ్లకు అండం విడుదల కావడానికి ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌లో చాలాసార్లు ఉండేది ఈ హెచ్‌సీజీనే. అది ఒంట్లో పది నుంచి పద్నాలుగు రోజుల దాకా ఉండవచ్చు. ఆ రోజుల్లో ఇంట్లో చేసిన టెస్ట్‌లో రెండో గీత వస్తే అది సూదిది కావచ్చు. ఆశతో ఆగలేక చేసుకుంటారు, గీత చూసి దేవుడికి దండం పెట్టుకుంటారు, బ్లడ్ రిపోర్టులో లేదని నేను టైపు చేయాల్సి వస్తుంది. నా పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. ఆ ఇంజెక్షన్ వేసిన సెంటర్ వాళ్లు ఏ తేదీ దాకా టెస్ట్ చేయకూడదో చీటీ మీద రాసి ఇస్తే ఇంత బాధ ఉండదు.

నెలసరి ఆగిపోయే వయసులో మెదడులోని పిట్యుటరీ గ్రంథి కొద్దిగా హెచ్‌సీజీని తయారుచేస్తుంది. అది చాలా తక్కువ, ఎక్కువగా రక్తపరీక్షలోనే బయటపడుతుంది. కొన్ని రకాల కణితుల వల్ల కూడా ఈ హార్మోన్ పెరుగుతుంది. యాంటీబయాటిక్స్, నొప్పి గోళీలు, గర్భనిరోధక మాత్రలు మాత్రం టెస్ట్‌ను మార్చవు.

బ్లడ్ టెస్ట్ చేస్తే ఇక తిరుగులేదు అని కూడా నేను అనను. కొందరి రక్తంలో ఉండే వేరే యాంటీబాడీలు యంత్రాన్ని మోసం చేసి లేని హెచ్‌సీజీని ఉన్నట్టు చూపిస్తాయి. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అలాంటి 12 మంది ఆడవాళ్ల గురించి వచ్చింది. లేని క్యాన్సర్‌కు వాళ్లకు అనవసరమైన చికిత్సలు చేశారు. ఆ యాంటీబాడీలు పెద్దవి, మూత్రంలోకి రావు. కాబట్టి రక్తంలో పాజిటివ్, మూత్రంలో నెగెటివ్ వస్తూ ఉంటే అక్కడ ఈ మామూలు స్ట్రిప్పే నిజం పట్టిస్తుంది. అందుకే ఒక టెస్ట్ గొప్పది, ఇంకోటి చెడ్డది అనే వాదనలోకి నేను వెళ్లను. ఏ ఒక్క ఫలితమూ ఒంటరిగా చాలదు.

మరి ఏం చేయాలి? నెల తప్పి వారం దాటాక, పొద్దున్నే, ఎక్స్‌పైరీ చూసుకుని, చెప్పినన్ని చుక్కలు వేసి, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని చూడండి. ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగితే నిశ్చయ్ అనే ప్రభుత్వ ప్రెగ్నెన్సీ కిట్ ఉచితంగా ఇస్తారు. పాజిటివ్ వస్తే, బిడ్డ కావాలనుకున్నా వద్దనుకున్నా, డాక్టరును కలిసి స్కాన్ చేయించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు, డబ్బులు అడగరు. నెగెటివ్ వచ్చినా నెల రాకపోతే వారానికి మళ్లీ చేయండి, అప్పటికీ రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు రక్తంలో ఈ హార్మోన్ ఎంత ఉందో కొలిచే బీటా హెచ్‌సీజీ పరీక్షను 48 గంటల తేడాతో రెండుసార్లు రాస్తారు. చాలామంది "మొన్ననే కదా మేడమ్ ఇచ్చాను, మళ్లీ డబ్బులా" అని నాతో గొడవపడతారు. ఒక అంకె చూస్తే ఏమీ తెలియదు. రెండు అంకెలు చూస్తే అది మామూలుగా పెరుగుతోందా, పెరగాల్సినంత పెరగడం లేదా, తగ్గుతోందా తెలుస్తుంది. పెరగాల్సినంత పెరగకపోతే డాక్టరుకు ట్యూబు మీద అనుమానం వస్తుంది. రెండోసారి రక్తం ఇవ్వకుండా వెళ్లిపోకండి. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం కిట్ ఏం చెప్పినా, 48 గంటలు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పెళ్లికాని అమ్మాయిల గురించి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. అన్నిటికన్నా ఎక్కువ తప్పుగా చదవబడేది వాళ్ల కిట్టే. హాస్టల్ బాత్‌రూమ్‌లో, ఎవరో తలుపు కొడుతుండగా, రెండు నిమిషాలు కూడా ఆగకుండా చూసి పారేస్తారు. నెగెటివ్ అనుకుని నెలన్నర గడిపేస్తారు. లేదా పాజిటివ్ అని తెలిసి, ఆసుపత్రికి వెళ్తే ఇంట్లో తెలిసిపోతుందని, పెళ్లయిందా అని అడుగుతారని భయపడి, స్నేహితుల ద్వారా గోళీలు తెప్పించుకుంటారు. ట్యూబులో గర్భం ఉంటే ఆ అమ్మాయిని హాస్టల్ గదిలో ఎవరు కాపాడతారు?

ఆ భయం తీరాలంటే చట్టం ఏం చెబుతోందో వాళ్లకు తెలియాలి. 18 ఏళ్లు నిండిన ఆడమనిషికి గర్భం తీయించుకోవడానికి తన సంతకం ఒక్కటే చాలు. భర్తదో, తండ్రిదో అడగక్కర్లేదు. 18 నిండనివాళ్లకు సంరక్షకుల అంగీకారం కావాలి. 2021లో సవరించిన ఎంటీపీ చట్టం, అంటే గర్భస్రావాల చట్టం, గర్భనిరోధం విఫలమైన సందర్భంలో భర్త అన్న మాటను తీసేసి భాగస్వామి అని రాసింది. చికిత్స తీసుకున్న మనిషి పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు శిక్ష ఉందని కూడా అందులో ఉంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, పెళ్లి కాలేదన్న కారణంతో 20 నుంచి 24 వారాల మధ్య గర్భం ఉన్న స్త్రీకి ఈ హక్కును నిరాకరించకూడదని తీర్పు చెప్పింది. గర్భస్రావాలకు అనుమతి ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ముందు స్కాన్ చేయమని అడగండి. పెళ్లయిందా అని ఎవరైనా అడిగితే, దానికి జవాబు చెప్పకపోయినా మీకు వైద్యం చేయాల్సిందే.